పూత గట్టిదనం కరెంటు ఇచ్చే తీరులోనే

యంత్ర భాగాలు అరిగిపోకుండా వాటిపై గట్టి క్రోమియం పూత వేయడం చాలాకాలంగా ఉంది. అయితే ఆ ద్రావణంలోని షట్సంయోజక క్రోమియం క్యాన్సర్ కారకం. ప్లేటింగ్ తొట్టెల నుంచి లేచే తుంపరలను పీల్చే కార్మికులకు ముప్పు తప్పదు. దీనికి ప్రత్యామ్నాయంగా హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన కేంద్రం నికెల్-టంగ్‌స్టన్ మిశ్రలోహ పూతను రూపొందించింది.

విద్యుత్ లేపనంలో అయాన్లు లోహంగా మారి, చిన్న స్ఫటిక రేణువులుగా పేరుకుంటాయి. కరెంటు తక్కువైతే కొత్త రేణువులు అంతగా పుట్టవు, ఉన్నవే పెద్దవవుతాయి. ద్రావణం వేడెక్కినా సాధారణంగా ఇదే జరుగుతుంది. కరెంటు పెరిగితే కొత్తవి విరివిగా పుట్టి, రేణువులు సన్నబడతాయి. ఒత్తిడి పడినప్పుడు లోహంలోని పరమాణువుల పొరలు జారతాయి. ఆ జారుడును రేణువుల సరిహద్దులు అడ్డుకుంటాయి. అందుకే సన్నని రేణువుల పూత గట్టిగా ఉంటుంది.

అలాగని కరెంటును పెంచుకుంటూ పోతే, వస్తువు దగ్గర అయాన్లు కరవై పూత గరుకుగా మారి మాడిపోతుంది. హైడ్రోజన్ చేరి పెళుసుబారవచ్చు కూడా.

ఏఆర్‌సీఐ పద్ధతిలో కరెంటును కొన్ని మిల్లీసెకన్ల పాటు ఇచ్చి, ఆపి, మళ్లీ ఇస్తారు. విరామంలో అయాన్లు తిరిగి చేరుకుంటాయి. ఇలా నానో రేణువులతో ఏర్పడిన పూత గట్టిదనం వికర్స్ కొలమానంలో 700 నుంచి 1200 వరకు ఉంది. గట్టి క్రోమియం పూతకు అది సాధారణంగా 1000 దరిదాపుల్లో ఉంటుంది. అంటే, విషపూరిత క్రోమియం లేకుండానే దానితో పోటీపడే గట్టిదనం సాధ్యమే.