పూర్వవిద్యార్థుల సంఘము

ఒక పాఠశాలలో చదివి వెడలినవారు మరల కూడి, దాని బాగుకొఱకు ఏర్పఱచుకొను సమాజమే పూర్వవిద్యార్థుల సంఘము. 2001 నాటి సంఘముల రిజిస్ట్రేషను చట్టము ప్రకారము ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఇట్టి సంఘమును రిజిస్టరు చేయుటకు కనీసము 7గురు సభ్యులు కావలెను. ఏడు సంతకములు దొరకుట సులభమే. పనిచేయువారు దొరకుటయే కష్టము.

మా పాఠశాలలో సంఘమును నెలకొల్పిననాడు అధ్యక్షపదవికి నలుగురు పోటీపడిరి. లెక్కలు వ్రాయుట కొక్కరును ముందుకు రాలేదు. "సేవ చేయుదురా?" యని సభలో నడుగగా అందఱును తలయూచిరి. మఱునాడు కానవచ్చినవా రొక్కరును లేరు! అంతట నేను ఇల్లిల్లు తిరిగి, మనిషి కొక చిన్నపని యప్పగించితిని. "నాయనా! నీతో చదివినవారి చిరునామాలు వ్రాసి తెమ్ము." "అమ్మా! రసీదు పుస్తకము నీయొద్ద నుంచుకొనుము." ఇట్లడిగినపుడు కాదన్నవారు అరుదు.

ఉత్తీర్ణుల పట్టికను జూచియే మేము సభ్యుల జాబితా వ్రాసితిమి. అది మా తప్పు. పదవ తరగతి తప్పిన వడ్రంగి యొకడు పిలువకయే వచ్చి, విఱిగిన బల్లలను బాగుచేయుచు, "నేనును ఇక్కడ చదివినవాడనే గదా, మాస్టరుగారూ!" అనెను. నాకు మాట రాలేదు. ఆ సాయంకాలమే అతని పేరు చేర్చితిమి. మఱుసటి యేట సభ్యులు అతనినే కార్యదర్శిగా నెన్నుకొనిరి. పదవి చేపట్టిన దినమున అతడు మొదట నడిగినది, పరీక్ష తప్పిన తక్కినవారి పేర్లు.