యాయీరు ఆగిన దారి
పాఠము: మార్కు 5:21–43

సమాజమందిరపు అధికారియైన యాయీరు కుమార్తె చావనైయుండెను. ప్రభువు అతనితో బయలుదేరెను గాని, పండ్రెండేండ్ల రోగముగల ఒక స్త్రీకొరకు దారిలో ఆగెను. ఆ వేళ యాయీరు ఏమి పలికెనో మార్కు వ్రాయలేదు. ఏమని పలుకగలడు?

అరికాలి నల్లమచ్చ మెలనోమా అను క్యాన్సరని తేలి, శస్త్రచికిత్సకొరకు కనిపెట్టుకొనియున్నవారికి ఆ మౌనము తెలియును. (మనదేశమున ఈ వ్యాధి తరచుగా అరికాలిలోను గోటిక్రిందను పుట్టును.) మచ్చ ఎన్ని మిల్లీమీటర్ల లోతునకు దిగెనో కొలిచిన పిమ్మటనే, చుట్టు 1 సెంటీమీటరు కోయవలెనో 2 కోయవలెనో, గజ్జలోని గ్రంథిని పరీక్షింపవలెనో వైద్యులు నిర్ణయింతురు. కొంత ఆలస్యము అందువలననే. కాని ప్రతి ఆలస్యమును దేవుని చిత్తమనుట నాకు సమ్మతము కాదు. ఒక్కొక్కప్పుడు కాగితము ఎవరి బల్లమీదనో పడియుండును. తేదీ చెప్పనియెడల అడుగుడి, మరల అడుగుడి. అది అవిశ్వాసము కాదు. యాయీరు పాదములమీద పడి మిగుల బతిమాలుకొనెను. ఈలోగా పసరు కట్టుట, కాల్చుట వలదు.

ప్రియులారా, అట్టి యింటికి వెళ్లునప్పుడు చనిపోయినవారి కథలు చెప్పకుడి. అన్నము తీసికొని వెళ్లుడి. ఆ చిన్నది లేచినప్పుడు, ఆమెకు ఆహారము పెట్టుడని ప్రభువే చెప్పెను.