మైనంతో బొమ్మలేస్తే ఇల్లు గడుస్తుందా?

రీల్స్ చూసి ‘ఎన్‌కాస్టిక్ ఆర్టిస్టు అవ్వాలంటే ఏం చదవాలి?’ అని అడిగే పిల్లలున్నారు. ఆ పేరుతో డిగ్రీ కోసం వెతకొద్దు. ఇంటర్ తర్వాత పెయింటింగ్‌లో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ చేయండి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ, విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, దూరం వెళ్లగలిగితే బరోడా, శాంతినికేతన్. బొమ్మ గీయడం చేతికొచ్చాక మైనం పట్టడం కష్టం కాదు.

తేనెమైనం కరిగించి, డామర్ అనే చెట్టుబంక, రంగుపొడి కలిపి వేడిగా పూయడమే ఈ పద్ధతి. డామర్ మన గుగ్గిలం చెట్టు కుటుంబానిదే. సాధారణంగా ఎనిమిది పాళ్ల మైనానికి ఒక పాలు వేస్తారు. ఈజిప్టులోని ఫయూమ్‌లో క్రీ.శ. 1–3 శతాబ్దాల మధ్య మమ్మీల ముఖం మీద పెట్టిన చిత్తరువుల్లో చాలా వాటిని మైనపు రంగుల్తోనే వేశారు. ఆ కళ్లు ఇప్పటికీ మనల్నే చూస్తున్నట్టుంటాయి. ఆధునికుల్లో జాస్పర్ జాన్స్ 1954–55లో వేసిన ‘ఫ్లాగ్’ ప్రసిద్ధం. ఎనామెల్ రంగు త్వరగా ఆరక విసిగి ఆయన మైనానికి మారాడు.

మైనం దాదాపు 63 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. హాట్‌ప్లేట్‌ను 80–90 మధ్య ఉంచుకుంటారు. పొగ కనిపించిందంటే వేడి మించిపోయినట్టే; ఆ పొగ కళ్లనీ గొంతునీ మండిస్తుంది. కిటికీ, ఎగ్జాస్ట్ ఫ్యాను లేని గదిలో ఈ పని వద్దు. కాడ్మియం, సీసం ఉన్న రంగుపొడుల జోలికి మొదట్లో అసలు పోవద్దు. కుంచె ప్లేటు మీంచి పలక దాకా వెళ్లేలోపే మైనం గట్టిపడటం మొదలవుతుంది. ప్రతి పొరనూ హీట్‌గన్‌తో కింది పొరకు అతికించాలి. పైభాగం తడిసినట్టు మెరవగానే గన్ పక్కకు తీసేయాలి, ఇంకాస్త ఆగితే కింది రంగు పైకి తేలి గీత చెదిరిపోతుంది. ఈ చూపు ఏ వీడియో నేర్పదు. బిగించిన కాన్వాస్ వంగితే మైనం పగులుతుంది కాబట్టి ప్లైవుడ్ పలక తీసుకోండి. దానికి మామూలు అక్రిలిక్ ప్రైమర్ పూయకండి, మైనం సరిగా పట్టదు.

ఇక డబ్బు సంగతి. బొమ్మలమ్మి మాత్రమే బతికే చిత్రకారులు ఏ మాధ్యమంలోనైనా కొద్దిమందే. డ్రాయింగ్ టీచరు ఉద్యోగం, వారాంతపు వర్క్‌షాపులు, ఇంటీరియర్ డిజైనర్లిచ్చే ఆర్డర్లు కలిస్తేనే నెల గడుస్తుంది. వర్క్‌షాపు పెడితే ఎంతమందికి హాట్‌ప్లేట్లు ఇవ్వగలరో, గదిలోని వైరింగు ఎంత లోడు తట్టుకుంటుందో ముందు చూసుకోండి. రెండు రోజుల సర్టిఫికెట్‌కు వేలకు వేలు పోయడం నా దృష్టిలో దండగ. ఆ డబ్బుతో మైనం కొనుక్కోండి. కెమిస్ట్రీ ఇష్టమైతే పాత చిత్రాల సంరక్షణ మరో దారి. నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్‌లో కన్సర్వేషన్‌లో ఎంఏ ఉంది. అర్హత నిబంధనలు డిగ్రీలో చేరకముందే చదువుకోవడం మంచిది.

అమ్మకాలు మొదలయ్యాక మన ఎండలతో పేచీ తప్పదు. మే నెల మధ్యాహ్నం కొరియర్ వ్యానులో మైనం మెత్తబడి ప్యాకింగుకు అంటుకుంటుంది. ఆర్డరు తీసుకునేటప్పుడే డెలివరీ తేదీని వానాకాలానికో చలికాలానికో పెట్టుకోండి. బబుల్ షీట్ నేరుగా చుట్టొద్దు, బుడగల అచ్చు బొమ్మ మీద పడుతుంది. ముందు గ్లాసిన్ కాగితం కప్పి, బొమ్మ ముఖానికి ఏదీ తగలకుండా చెక్కపెట్టెలో బిగించి పంపండి.