గేటు వెనుక మేనేజర్

రిక్ రెస్కోర్లా వియత్నాం యుద్ధంలో పోరాడిన సైనికుడు. తర్వాత న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్‌లోని ఒక ఆర్థిక సంస్థకు సెక్యూరిటీ అధిపతి అయ్యాడు. నేలమాళిగలోని పార్కింగ్‌లోకి ఎవరైనా బాంబున్న లారీని తోలుకు రావచ్చని 1990లోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరికను పట్టించుకోలేదు. 1993 ఫిబ్రవరిలో సరిగ్గా అలాగే జరిగింది, ఆరుగురు చనిపోయారు.

ఆ తర్వాత రెస్కోర్లా మూడు నెలలకోసారి మాక్ డ్రిల్ పెట్టించాడు. నిమిషానికి వేల డాలర్ల లావాదేవీలు నడిపే ఉద్యోగులు పని వదిలి మెట్లు దిగాల్సి వచ్చేది. విసుక్కున్నవాళ్లున్నా అతను తగ్గలేదు. 2001 సెప్టెంబర్ 11న మొదటి టవర్‌ను విమానం ఢీకొన్నప్పుడు, అతని సంస్థ ఉన్న పక్క టవర్‌లోనివాళ్లను ఎక్కడివాళ్లక్కడే ఉండమని మైకులో చెప్పారు. రెస్కోర్లా ఆ మాట పక్కనపెట్టి మెగాఫోన్ అందుకున్నాడు. అప్పటికి మోర్గాన్ స్టాన్లీలో భాగమైన ఆ సంస్థ ఉద్యోగులు సుమారు 2,700 మంది. వారిలో అత్యధికులు ప్రాణాలతో బయటపడ్డారు. మిగిలినవారి కోసం మళ్లీ పైకి వెళ్లిన రెస్కోర్లా తిరిగి రాలేదు.

సెక్యూరిటీ మేనేజ్‌మెంట్ అనగానే దేహదారుఢ్యమో కెమెరాలో గుర్తొస్తాయి. నిజానికి ఈ ఉద్యోగంలో ముందుచూపు, సాధన, మనుషుల్ని చూసుకునే తీరు ముఖ్యం. మూడోదాని గురించే మన దగ్గర తక్కువ మాట్లాడుకుంటాం.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక గేటు వద్ద రాత్రీ పగలూ ఒక గార్డు ఉండాలంటే వారానికి 168 గంటలు. మనిషికి 48 గంటల చొప్పున మూడున్నర మంది కావాలి. సెలవులు, జబ్బులు, పండుగలు కలిపితే నలుగురు లేనిదే ఆ పోస్టు నిలబడదు. ఖర్చు తగ్గించాలని ఇద్దరితో చెరో పన్నెండు గంటలు, వారాంతపు సెలవు కూడా లేకుండా నడిపిస్తే ఒక్కొక్కరికీ వారానికి 84 గంటలు పడతాయి. రిలీవర్ రాకపోతే డబుల్ డ్యూటీ. తెల్లవారుజామున ఆ గార్డు కునుకు తీస్తే తప్పు అతనొక్కడిదేనా? డ్యూటీ చార్టు వేసిన మేనేజర్‌ను అడగాల్సిన ప్రశ్న అది. మంచి మేనేజర్ బడ్జెట్ సమావేశంలోనే ఈ లెక్క పెట్టి పోట్లాడతాడు.

జీతాల సంగతీ అంతే. కాంట్రాక్టరు గార్డులకు జీతం ఎగ్గొడితే చట్టప్రకారం ఆ భారం అతన్ని పెట్టుకున్న సంస్థ మీద పడుతుంది. కాబట్టి ప్రతి నెలా పీఎఫ్, ఈఎస్ఐ చలానాలు చూడటమూ ఈ ఉద్యోగంలో భాగమే.

ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణకు మన దేశంలో 2005 నాటి చట్టం ఉంది. లైసెన్సు లేకుండా ఏజెన్సీ నడపకూడదు. కేంద్ర నమూనా నిబంధనలు గార్డుకు కనీసం 20 పనిదినాల్లో 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ నిర్దేశించాయి. పదిహేను మంది గార్డులకు మించకుండా ఒక సూపర్‌వైజర్ ఉండాలి. ఇంటర్వ్యూకు వెళ్లేవాళ్లకు ఈ అంకెలు నోటికి రావాలి.

డిగ్రీ చదివినవారికి దారులు ఒకటికి మించి ఉన్నాయి. 1969లో ఏర్పడిన కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) విమానాశ్రయాలకు, విశాఖ స్టీల్ ప్లాంట్ వంటి పరిశ్రమలకు భద్రత ఇస్తుంది. యూపీఎస్సీ నిర్వహించే కేంద్ర సాయుధ పోలీసు బలగాల (సీఏపీఎఫ్) పరీక్షతో అసిస్టెంట్ కమాండెంట్‌గా, ఎస్ఎస్సీ పరీక్షతో సబ్ ఇన్‌స్పెక్టర్‌గా అందులో చేరవచ్చు. దాని శిక్షణ సంస్థ నీసా మన హైదరాబాద్ శివారు హకీంపేటలోనే ఉంది. గాంధీనగర్‌లోని రాష్ట్రీయ రక్షా విశ్వవిద్యాలయం భద్రతా రంగానికి సంబంధించిన కోర్సులు నడుపుతోంది. కొన్నేళ్ల అనుభవం తర్వాత భద్రతా నిపుణుల సంఘం ఆసిస్ ఇంటర్నేషనల్ ఇచ్చే సీపీపీ సర్టిఫికెట్‌కు ప్రయత్నించవచ్చు. గల్ఫ్‌లోనూ బహుళజాతి కంపెనీల్లోనూ అది పనికొస్తుంది.

పట్టా ఏదైనా, షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా కొంతకాలం రాత్రి డ్యూటీలు చేసి రావడం మేలు. రిజిస్టర్ ఎలా రాస్తారు, చార్జి ఎలా అప్పగిస్తారు, మూడు గంటల వేళ రౌండ్స్‌లో గార్డుకు ఏ చోట భయం వేస్తుంది, తాగునీరు, టాయిలెట్ ఎంత దూరంలో ఉన్నాయి అన్నవి అక్కడే తెలుస్తాయి. మహిళా గార్డులను నియమించే చోట ఆ చివరి ప్రశ్న మొదటి రోజే అడగాలి. డ్యూటీ దిగాక ఆమె ఇంటికెలా వెళుతుందన్నదీ అప్పుడే తేల్చుకోవాలి.