పాఠం: సూదిమందే ఎందుకు?

ఈ పాఠం చదివిన తరువాత, సైటోకైన్ మందులను బిళ్ళలుగా కాక సూదిమందుగా ఎందుకు ఇస్తారో మీరు వివరించగలుగుతారు.

భిలాయిలో ఒక ఇంటిని ఊహించుకోండి. శ్రీకాకుళం నుండి వచ్చి ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైన పెద్దాయన. కాన్సరుకు చికిత్స జరుగుతోంది. మే నెల ఎండ. డాక్టరు రాసిన ఫిల్‌గ్రాస్టిమ్ సూదిమందును కోడలు మందుల దుకాణం నుండి తెచ్చింది. "రోజూ ఈ పొడిపించుకోవడం ఏమిటమ్మా, బిళ్ళ ఇమ్మనకూడదా?" అన్నాడాయన. ప్రశ్న సబబైనదే.

కణాలు ఒకదానికొకటి కబురు పంపుకోవడానికి విడుదల చేసే చిన్న ప్రోటీన్లను సైటోకైన్లు అంటారు. కాన్సరు మందుల వల్ల తెల్ల రక్తకణాలు తగ్గిపోతే మామూలు జ్వరం కూడా ప్రాణం మీదికి వస్తుంది. ఆ కణాలను ఎక్కువగా తయారుచేయమని ఎముక మజ్జకు చెప్పే కబురే ఫిల్‌గ్రాస్టిమ్. హైదరాబాదులోని డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2001లో దీనిని గ్రాఫీల్ పేరుతో విడుదల చేసింది.

ఇక బిళ్ళ సంగతి. మనం తిన్న పప్పులోని ప్రోటీన్లను జీర్ణరసాలు ముక్కలు చేస్తాయి కదా! పొట్టకు పప్పు, మందు అనే తేడా తెలియదు. కబురు చేరకముందే చీటీ చిరిగిపోతుంది. అందుకే సూది.

సూదిలోనూ దారులు వేరు. నరంలోకి ఎక్కిస్తే మందు వెంటనే రక్తంలో కలుస్తుంది. చర్మం కింద, అంటే పొట్ట మీద (బొడ్డు చుట్టూ వదిలి) లేదా తొడకు ఇస్తే మెల్లగా చేరుతుంది. నేర్పితే ఇంట్లోనే వేసుకోవచ్చు. ఈ మందుకు ఎక్కువగా వాడేది ఈ దారే.

రోజూ సూది తప్పదా? ప్రోటీనుకు పెగ్ అనే పొడవాటి గొలుసును తగిలిస్తే అణువు పెద్దదవుతుంది, మూత్రపిండాలు త్వరగా వడకట్టలేవు. పెగ్‌ఫిల్‌గ్రాస్టిమ్‌ను ఒక విడత కీమోథెరపీకి ఒక్కసారి ఇస్తే చాలు. హెపటైటిస్ సి రోగులకు వారానికి మూడుసార్లు ఇచ్చిన ఇంటర్‌ఫెరాన్ కూడా పెగ్ తగిలించాక వారానికి ఒకటైంది. ఇప్పుడు ఆ జబ్బుకు బిళ్ళలే వచ్చాయి, కానీ అవి ప్రోటీన్లు కావు. తేడా గమనించారా?

ఈ మందును 2 నుండి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంచాలి. భిలాయి ఎండలో సంచిలో వేసుకుని తిరగరాదు. ఐసు పెట్టెలో తెచ్చినా సీసాకు గుడ్డ చుట్టాలి, ఐసు తగలరాదు. కుదపరాదు.

పాఠగత ప్రశ్న
కోడలు తెచ్చిన సీసా ఐసుకు ఆనుకుని గడ్డకట్టింది. ఆమె ఏం చేయాలి?

జవాబు: కరిగించి వాడాలా, పారవేయాలా అని తానే నిర్ణయించుకోరాదు. సీసాను ఫ్రిజ్‌లో విడిగా ఉంచి, డాక్టరునో ఫార్మసిస్టునో అడగాలి.