నూనెగిన్నె నుండి ధమని వరకు: డాక్టర్ గఫూరున్నిసా పరిశోధన

బోరబండ స్టేషనులో లింగంపల్లి వైపు లోకల్ రైలు ఎక్కినవారికి వెంటనే వచ్చే స్టేషను హైటెక్ సిటీ. ఆ వైపునున్న పెద్ద ఆసుపత్రుల ప్రకటనలలో ఇటీవల "కాల్షియం స్కోరు" అనే మాట తరచుగా కనబడుతున్నది. గుండెకు రక్తము తెచ్చే ధమనులలో సున్నము ఎంత పేరుకొన్నదో స్కానింగు ద్వారా లెక్కకట్టి చెప్పే పరీక్ష అది. "తమలపాకుకు రాసుకొనే సున్నమే పోయి అక్కడ చేరుతుందా?" అని మమ్ము అడిగే విద్యార్థులు ఉన్నారు. నవ్వి వదలివేయవలసిన ప్రశ్న కాదిది. దానికి సమాధానము వెతుకుతూ పోతే మన నగరములోనే, తార్నాకలోని ఒక ప్రయోగశాల వద్దకు, అక్కడ దశాబ్దాల పాటు క్రొవ్వుల మీద పనిచేసిన ఒక మహిళా శాస్త్రజ్ఞురాలి వద్దకు చేరుకొంటాము.

ముందు ప్రశ్నకు సమాధానము. కాదు, తమలపాకు సున్నము ధమనిలోనికి పోదు. (అయినంత మాత్రాన వక్కలు, జర్దా నమలవచ్చునని ఎవరూ అర్థము చేసికొనరాదు. వాటి సంగతి వేరు.) ధమని ఒక నీటి గొట్టము వంటిది కాదు, సజీవమైన గోడలు గలది. రక్తములోని చెడ్డ కొలెస్టరాలు ఆ గోడ లోపలి పొర క్రిందికి చేరి, అక్కడ ఆక్సీకరణము చెందినప్పుడు, దానిని తొలగించుటకు తెల్లకణములు వస్తాయి. అవి ఆ క్రొవ్వును మ్రింగి మ్రింగి, నురుగు కణములుగా మారి, అక్కడనే చనిపోతాయి. ఈ విధముగా ఏర్పడిన మెత్తని క్రొవ్వు గడ్డ చుట్టూ సంవత్సరముల తరబడి వాపు నిలిచి ఉంటుంది. ఆ వాపులో ధమని గోడలోని కండర కణములు కొన్ని తమ స్వభావమును మార్చుకొని, ఎముకను నిర్మించే కణముల వలె ప్రవర్తించుట మొదలుపెడతాయి. అక్కడ చేరే ఖనిజము కూడ ఎముకలో ఉన్నటువంటిదే, కాల్షియం ఫాస్ఫేటు. అనగా ధమనిలోని సున్నము తిన్న సున్నము కాదు. మానని పుండు మీద శరీరము స్వయముగా కట్టుకొన్న పెచ్చు.

ఈ సున్నమును సంఖ్యలో చెప్పే పద్ధతిని అమెరికాలో ఆర్థర్ అగాట్‌స్టన్, వారెన్ జానోవిట్జ్ మొదలైనవారు 1990లో ప్రకటించినారు. స్కోరు సున్న అయితే సమీప కాలములో గుండెపోటు వచ్చే అవకాశము తక్కువ. 400 దాటితే చాలా ఎక్కువ. మంచి సాధనమే. అయితే పుండు పుట్టిన చాలా కాలమునకు గాని పెచ్చు కట్టదు. పడుచు వయసులో ధమనిలో మెత్తని గడ్డ ఉండి కూడ స్కోరు సున్నగా రావచ్చును. ఆ మెత్తని గడ్డ చిట్లి, దాని మీద రక్తము గడ్డకట్టినప్పుడే గుండెపోటు వస్తుంది. మన ప్రాంతమువారికి ఈ విషయము మరీ ముఖ్యము. 52 దేశములలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనములో దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు వచ్చే నడిమి వయసు 53 అని, తక్కినవారికి 59కి దగ్గరగా ఉన్నదని 2007లో తేలినది. ఆ వ్యాసకర్తలలో ఉస్మానియా వైద్య కళాశాలలో చదివిన డాక్టర్ కె. శ్రీనాథరెడ్డి గారు ఒకరు. ఆరేండ్లు ముందుగా అన్నమాట! ఇంటి పెద్ద ఆరేండ్లు ముందుగా పడిపోతే ఆ ఇంటి పిల్లల చదువు ఏమవుతుందో మన విద్యార్థులకు మేము చెప్పనక్కరలేదు.

కనుక పెచ్చును లెక్కించుట కంటె పుండు ఎందుకు పడుతున్నదో వెదకుట పెద్ద పని. జాతీయ పోషకాహార సంస్థలో డాక్టర్ గఫూరున్నిసా గారు చేపట్టిన పని అదే. ఆ సంస్థ 1918లో కూనూరులో మెక్‌కారిసన్ చేతులలో చిన్న బెరిబెరి పరిశోధన విభాగముగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో ప్రస్తుత నామమును పొందినది. మన దేశములో పోషకాహారము అనగానే కరవు, బక్కచిక్కిన పిల్లలు జ్ఞప్తికి వచ్చే కాలమది. అటువంటి చోట కూర్చుండి క్రొవ్వును గురించి, హృద్రోగమును గురించి ఆలోచించుట కొంత ఎదురీత అనే మేము భావిస్తున్నాము.

ఆమె పరిశోధనలో మమ్ము మొదట ఆకర్షించినది "కనబడని క్రొవ్వు" అనే విషయము. మనము సీసాలో నుండి మూకుడులో పోసే నూనె కనబడే క్రొవ్వు. బియ్యము, జొన్నలు, పప్పులు, పాలు మొదలైన వానిలో ఉన్నది కనబడనిది. మన భోజనములో ధాన్యములు అధికము గనుక, గింజకు కొంచెమే అయినను మొత్తము మీద ఈ కనబడని క్రొవ్వు గణనీయముగా చేరుతుంది. శరీరము తనంత తాను తయారుచేసికొనలేని క్రొవ్వు ఆమ్లములు రెండు ఉన్నవి: లినోలెయిక్, ఆల్ఫా లినోలెనిక్. వానిలో మొదటిది మన ధాన్యముల నుండి, వేరుసెనగ, నువ్వుల నూనెల నుండి ధారాళముగానే దొరకుతున్నది. రెండవది మాత్రము తక్కువ. ఈ రెండింటి నిష్పత్తి చెడితే రక్తములోని చిన్న కణములు ఒకదానికొకటి సులభముగా అంటుకొని గడ్డ కట్టే స్వభావము పెరుగుతుంది. చిట్లిన ధమని మీద గడ్డకట్టే రక్తమును గూర్చి పైన చెప్పినాము. ఈ లెక్క అక్కడికే వచ్చి కలుస్తుంది.

చేపలు తినేవారికి ఆ కొరత కొంత తీరవచ్చును. తిననివారి మాట ఏమిటి? 1992లో ఆమె, ఇందు అనే సహపరిశోధకురాలితో కలిసి ప్రకటించిన వ్యాసము దీనికి సూటియైన సమాధానము. మొక్కల నుండి వచ్చే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లము సుమారు 3.7 గ్రాములు తీసికొంటే, చేపనూనెలోని పొడవు గొలుసు ఆమ్లములు 0.3 గ్రాము చేసే పనికి సమానమైన ఫలితము మనుష్యులలో కనిపించినది. అనగా శాకాహారికి దారి మూసుకొనిపోలేదు. కాని ఆ దారి పన్నెండు రెట్లు పొడవైనది. ఈ లెక్క తెలిసిన తరువాత ఆమె సలహా వింటే ఎంతో సహేతుకముగా తోస్తుంది: ఒకే నూనెను ఏడాది పొడుగునా వాడక, ఆవనూనె గాని సోయా నూనె గాని మరొక నూనెతో కలిపియో మార్చియో వాడవలెను, సజ్జలు, మినుములు, అలసందలు, మెంతులు, ఆకుకూరలు భోజనములో పెరగవలెను. తెలంగాణ పల్లెలలో గంగవాయిలి అని, ఉర్దూ ఇండ్లలో కుల్ఫా అని పిలిచే ఆ పుల్లని ఆకుకూరలో ఈ ఆమ్లము బాగుగా ఉన్నది. రెండు భాషలవారూ రెండు పేర్లతో వండుకొనేది ఒకే కూర! ఈ విషయములను సామాన్యులకు చేర్చుటకు డాక్టర్ కమలా కృష్ణస్వామి గారితో కలిసి ఆమె వ్రాసిన ఆహారము–హృద్రోగము పుస్తకమును సంస్థ 1994లో ప్రచురించినది.

ఇక వనస్పతి. ద్రవరూపములోనున్న నూనెలోనికి, నికెలు లోహము సమక్షములో ఉదజని వాయువును పంపితే అది నెయ్యి వలె గట్టిపడుతుంది. ధర తక్కువ, నిలువ ఎక్కువ. దావతు బిర్యానీలకు, బేకరీ బిస్కట్లకు, మిఠాయి దుకాణములకు దశాబ్దముల పాటు అదే ఆధారము. కాని నూనె సగము గట్టిపడే దశలో ట్రాన్స్ క్రొవ్వులు పుడతాయి. అవి చెడ్డ కొలెస్టరాలును పెంచుటయే కాక మంచి దానిని తగ్గిస్తాయి. ట్రాన్స్ క్రొవ్వులు గల ఆహారము పెట్టిన ఎలుకలలో ఇన్సులిన్ సరిగా పనిచేయుట లేదని గఫూరున్నిసా గారి బృందము 2005లో చూపినది. మన దేశపు తినుబండారములలో వీనిని తగ్గించుటకు గల అడ్డంకులను చర్చిస్తూ 2008లో ఆమె ఒక వ్యాసము వ్రాసినారు. ఒకప్పుడు పది శాతము వరకు అనుమతించిన చట్టము క్రమముగా అయిదుకు, 2021లో మూడుకు, 2022 జనవరి నుండి రెండు శాతమునకు దిగినది. ఇందులో అనేకుల కృషి ఉన్నది. ఒక్కరికే కీర్తి కట్టబెట్టుట న్యాయము కాదు. చట్టము వచ్చినను, మరిగిన నూనెనే సాయంకాలము దాక మళ్ళీ మళ్ళీ మరిగించే మిర్చిబజ్జీల బండి మూకుడు వరకు అది ఇంకా చేరలేదని మాత్రము మా బజారులో నిలుచున్నవారెవరైనా చెప్పగలరు.

ఆమె పేరు కనిపించే మరియొక పరిశోధనను చెప్పక మానలేము. 1987 నుండి 1990 వరకు హైదరాబాదు సమీపములోని కొన్ని పల్లెలలో గర్భిణులకు, చిన్నపిల్లలకు అంగన్‌వాడీ పథకము క్రింద రోజూ ఉప్మా పెట్టినారు. మొక్కజొన్న, సోయా పిండితో, సోయా నూనెతో చేసిన ఉప్మా అది. పథకము ఇంకా చేరని పొరుగు పల్లెలు పోలికకు నిలిచినవి. పదునైదేండ్ల తరువాత పరిశోధకులు తిరిగి ఆ 29 పల్లెలకు పోయి, 13 నుండి 18 ఏండ్ల వయసుగల 1165 మందిని పరీక్షించినారు. ఫలితములు 2008లో వెలువడినవి. ఉప్మా అందిన పల్లెల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడవున్నారు. వారి శరీరములో ఇన్సులిన్ మెరుగుగా పనిచేస్తున్నది. వారి ధమనులు మెత్తగా, సాగే గుణముతో ఉన్నవి. రక్తపోటులోను కొలెస్టరాలులోను చెప్పుకొనదగిన తేడా కనబడలేదు. పైగా ఏ పల్లెకు పథకము ముందు రావలెనో లాటరీ వేసి నిర్ణయించినది కాదు గనుక, ఈ ఫలితమును కొంత జాగ్రత్తతోనే స్వీకరించవలెను. అయినను ఒక మాట మమ్ము వదలుట లేదు. హృద్రోగమనగానే అధిక భోజనమనుకొంటాము. ఇక్కడ కనబడుతున్నది తల్లి కడుపులో ఉన్నప్పటి ఆకలి, పదునైదేండ్ల తరువాత బిడ్డ ధమని గోడలో.

ఆ పిల్లలు ఇప్పుడు ముప్పై అయిదేండ్లు దాటినవారు. వారిలో కొందరు ఈపాటికి పల్లెలు విడిచి నగరము చేరియుందురు. ఉదయము పూట బోరబండలో రైలు దిగేవారిలోనే ఉండవచ్చును. తరువాతి సంవత్సరములలో వారిని, వారి తలిదండ్రులను కూడ కలుపుకొని ఈ అధ్యయనమును పరిశోధకులు విస్తరించినారు. 2008లో సాగే గుణముతో కనబడిన ఆ ధమనులు, 53వ ఏటికి ఎట్లుంటాయో తెలియుటకు ఇంకా పదునైదేండ్లకు పైగా కాలము పట్టును.