సహవాసమునందు ఆత్మీయ సంభాషణ



ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట దేవాలయపు వసారాలో కొంచెముసేపు నిలిచి అచ్చటి మాటలను వినుడు. వాన కురిసినదా లేదా, ధాన్యపు ధర యెట్లున్నది, ఎవరి కుమార్తెకు సంబంధము కుదిరినది, పరీక్ష లెప్పుడు, అను సంగతులన్నియు వినవచ్చును. ఇవి దోషములు కావు. సహవాసము గలచోట కుశలప్రశ్నలు ఉండవలసినవే. అయితే ఇప్పుడు వినిన వాక్యము తన మనస్సున నేమి పని చేసెనో యొకడు మరియొకనితో చెప్పుట మాత్రము బహు అరుదు. గుడి లోపల దేవుని స్తుతించిన నోళ్లు గడప దాటగానే ఆయనను గూర్చి మౌనము వహించుచున్నవి. ఇట్లేల జరుగుచున్నది? దీనిని మార్చుకొనుట యెట్లు? ఈ రెండు ప్రశ్నలను ఇచ్చట విచారింతము.

1. ఆత్మీయ సంభాషణ యననేమి?

ఇది ప్రసంగము కాదు, మతవాదము కాదు, ఇతరులకు బుద్ధి చెప్పుట యంతకంటె కాదు. ఇది యెట్టిదో తెలిసికొనుటకు జాన్ బన్యన్ జీవితములోని యొక సంగతి చాలును.

బన్యన్ ఇంగ్లండు దేశమున బెడ్‌ఫర్డు పట్టణమునకు సమీపమందలి ఎల్‌స్టో గ్రామమున 1628వ సంవత్సరమున జన్మించెను. చిల్లులు పడిన పాత్రలకు మాట్లు వేయుట ఆయన వృత్తి. యౌవనకాలమున ఒక దినమున పనిమీద బెడ్‌ఫర్డు వీధిని పోవుచు, ఒక వాకిట ఎండలో కూర్చుండి మాటలాడుకొనుచున్న ముగ్గురు నలుగురు పేదస్త్రీలను చూచెను. వారు దేవుని సంగతులు చెప్పుకొనుచుండిరి. మతవిషయములు తానును బాగుగా మాటలాడగలనని తలంచుచుండిన బన్యన్ వినగోరి దగ్గరకు పోయెను. వినెను గాని వారి మాటలు ఆయనకు అంతుపట్టలేదు. దేవుడు తమ హృదయములలో చేసిన పనిని గూర్చియు, తమ పాపస్థితిని తాము గుర్తెరిగిన విధమును గూర్చియు, శోధనలలో తమకు కలిగిన ఆదరణను గూర్చియు వారు సంతోషముతో మాటలాడుకొనిరి. అట్టి దేదియు తనకు లేదని ఆయన గ్రహించెను. అటుపిమ్మట మాటిమాటికి వారి సహవాసము కోరి వెళ్లుచు వచ్చెను. ఈ వృత్తాంతమును ఆయన 1666వ సంవత్సరమున ప్రచురించిన తన ఆత్మకథలో వ్రాసియున్నాడు.

ఇందు మూడు సంగతులు గమనింపదగినవి. మొదటిది, ఆ స్త్రీలు బన్యనునకు బోధింపలేదు. ఒకరితో నొకరు మాటలాడుకొనిరి. రెండవది, వారు ఇతరుల తప్పులను గాక తమ అనుభవమునే చెప్పుకొనిరి. మూడవది, అది ఆరాధనసమయము కాదు, స్థలము దేవాలయము కాదు. మన పల్లెలలో సాయంకాలమున అరుగుల మీద కూర్చుండి స్త్రీలు మాటలాడుకొనునట్లే వారును కూర్చుండిరి. ఆత్మీయ సంభాషణకు ఇంతకు మించిన ఏర్పాటు అవసరము లేదు.

ఇందులకు భిన్నమైన మాట గూడ కలదు. 1678లో వెలువడిన "యాత్రికుని ప్రయాణము"లో బన్యన్ ఒక వాచాలుని వర్ణించెను. వాడు మతమును గూర్చి యే విషయమైనను ఎంతసేపైనను మాటలాడగలడు. కాని వాని యింట భక్తి జాడయైన లేదు. మాట హృదయమునుండి వచ్చినదా, నాలుకనుండి మాత్రమే వచ్చినదా యని పరీక్షించుకొనవలెనని దీని భావము. ఆ గ్రంథముననే మరియొక చోట బాటసారులకు నిద్ర తెప్పించు గాలి గల నేలను యాత్రికుడును అతని సహచరుడును దాటవలసి వచ్చెను. నిద్రపోయిన నశింతుమని యెరిగి, దేవుడు తమను నడిపించిన విధమును ఒకరి కొకరు చెప్పుకొనుచు మెలకువగా నడచిరి. సహవాసములో ఈ సంభాషణ చేయు మేలు ఇదియే: అది నిద్రించువాని మేలుకొల్పును.

2. మన మౌనమునకు కారణములు

మొదటి కారణము సిగ్గు. "నేను దేవుని మాట యెత్తినయెడల వీడు వేషధారి యందురేమో" యని భయపడుదుము. గొప్పలు చెప్పుకొనువానికి ఈ భయము తగినదే. తన బలహీనతను ఒప్పుకొనువానిని వేషధారి యనువారు లేరు.

రెండవ కారణము, ఇది కాపరిగారి పని యని తలంచుట. 1742వ సంవత్సరమున బ్రిస్టల్ పట్టణములో జాన్ వెస్లీ అనుచరులు తమ మందిరపు ఋణము తీర్చుటకు ఆలోచనసభ చేసిరి. ఒక్కొక్కరు వారమున కొక పెన్నీ ఇయ్యవలెననియు, పండ్రెండుగురి కొక నాయకుడుండి దానిని వసూలు చేయవలెననియు నిర్ణయించిరి. ఆ నాయకులు ఇంటింటికి పోయినప్పుడు కొందరి నడవడి బాగుగా లేదని తెలిసినది. అప్పుడు పెన్నీతో పాటు ఆత్మక్షేమమును గూడ విచారించుట మొదలయ్యెను. కొలదికాలమునకే ఆ పండ్రెండుగురు వారమున కొకసారి ఒకచోట కూడి, తమ సుఖదుఃఖములను శోధనలను చెప్పుకొని ప్రార్థించు వాడుక యేర్పడెను. ఆ నాయకులలో అనేకులు గురుపట్టము పొందినవారు కారు, సామాన్యులు. ఋణము తీర్చుటకు పుట్టిన పద్ధతి సంఘమునకు ప్రాణాధారమయ్యెను.

మూడవ కారణము, జయములు మాత్రమే చెప్పదగినవను తలంపు. లూకా సువార్త 24వ అధ్యాయమును చదువుడు. ఎమ్మాయు మార్గమున పోయిన ఇద్దరు శిష్యులు జయమును చెప్పుకొనలేదు. భంగపడిన తమ ఆశను చెప్పుకొనిరి. అట్లు దుఃఖముతో మాటలాడుకొనుచుండగానే ప్రభువు వారితో కలిసి నడచెను. వారు మౌనముగా నడువలేదు గనుకనే ఆయన వారి మాటను గూర్చి అడిగి, వారి సందేహమునకు లేఖనములనుండి సమాధానము చెప్పెను. సందేహము గూడ ఆత్మీయ సంభాషణలో చేరినదే.

3. నేను నేర్చుకొనిన పాఠము

ఈ విషయము నేను వ్రాయుటకు ఒక కారణము కలదు. కొన్ని యేండ్ల క్రిందట నా తరగతిలోని యొక బాలుని తండ్రి మరణించెను. బడికి తిరిగి వచ్చిన దినమున సాయంకాలము ఆ బాలుడు నా గది వాకిట నిలిచెను. నేను వానిని కూర్చుండబెట్టి, తప్పిపోయిన పాఠములను గూర్చియు, బడి జీతములో తగ్గింపును గూర్చియు దయగానే మాటలాడితిని. వాడు "సరేనండి, మాస్టారూ" అని వెడలిపోయెను. ఆ మీదట వాడు గుడికి వచ్చుట తగ్గించెను. చదువు ముగించి పోవునాడు నాతో ఇట్లనెను: "మాస్టారూ, ఆ సాయంకాలము నేను పాఠముల కొరకు రాలేదండి. మా నాయన కొరకు మేమంత ప్రార్థించితిమి గదా, దేవుడు వినలేదా యని మిమ్మును అడుగవచ్చితిని. మీరు దేవుని మాట యెత్తలేదు. నాకు నోరు రాలేదు."

నాకు జవాబు తోచలేదు. ప్రశ్నలు వేయు విధానమును శిక్షణ కళాశాలలో నేర్చుకొనినవాడను. ఎన్నియో వేల ప్రశ్నలు విద్యార్థుల కిచ్చినవాడను. "నాయనా, నీ మనస్సెట్లున్నది? ప్రార్థింపగలుగుచున్నావా?" అను రెండు ప్రశ్నలు అడుగలేకపోతిని. ఆ బాలుని సందేహమునకు నా యొద్ద పూర్తి సమాధానము లేకపోవచ్చును. అయినను వానితో కూడ ఆ ప్రశ్నయెదుట కూర్చుండగలిగి యుందును. మన మౌనము వలన నష్టపోవునది మనము మాత్రమే కాదు.

4. వాడుక చేసికొనుట యెట్లు?

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమున దేవుని మాటలను ఇంట కూర్చున్నప్పుడును, త్రోవను నడచునప్పుడును, పండుకొనునప్పుడును, లేచునప్పుడును పిల్లలతో చెప్పవలెనని ఆజ్ఞ కలదు. ఇవన్నియు దినచర్యలోని సమయములే. కావున తలిదండ్రులు ముందుగా ఆరంభింపవలెను. రాత్రి భోజనము వేళ తండ్రి "నేడు నాకు కోపము వచ్చినది; ప్రభువును క్షమాపణ వేడుకొంటిని" అని చెప్పినయెడల, పిల్లలు అనేక ప్రసంగములలో నేర్వనిది నేర్చుకొందురు.

బోర్డింగులోని విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కలిసి నడచునప్పుడు, చదివిన వాక్యములో తమకు అర్థము కానిదానిని చెప్పుకొనవచ్చును. ఉపాధ్యాయులును ఉపదేశులును ఒక ప్రశ్న అడిగి, సమాధానము వచ్చువరకు ఓపికతో వేచియుండవలెను. వెంటనే బుద్ధి చెప్పరాదు. ఒకడు నమ్మి చెప్పిన రహస్యమును మరియొకని యొద్ద, ప్రార్థనాంశమను పేరుతోనైనను, బయలుపరచరాదు. చెప్ప నిష్టము లేనివానిని బలవంతపెట్టరాదు. ఈ నియమములు తప్పినచోట సంభాషణ చాడీగా మారును. ఆ మీదట ఎవరును నోరు తెరువరు.

బెడ్‌ఫర్డు వాకిట కూర్చుండిన ఆ స్త్రీల పేరులను బన్యన్ వ్రాయలేదు. తమ మాటలు ఒక పాత్రల పనివాని హృదయమును కదిలించుచున్నవని వారెరుగరు. అయితే యెహోవాయందు భయభక్తులు గలవారు ఒకరితో నొకరు మాటలాడుకొనగా ఆయన చెవియొగ్గి వినెననియు, వారి కొరకు జ్ఞాపకార్థమైన గ్రంథము వ్రాయబడెననియు మలాకీ ప్రవక్త 3వ అధ్యాయమున తెలుపుచున్నాడు. వచ్చు ఆదివారమున వసారాలో ధాన్యపు ధరను గూర్చి మాటలాడిన పిమ్మట, మీ ప్రక్కనున్నవానిని ఒక్క ప్రశ్న అడుగుడు. వాని జవాబును చివరివరకు వినుడు.